పసిప్రాణం, మొదటి గంట: పిల్లల అత్యవసర వైద్యశిక్షణ చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు పిల్లల అత్యవసర వైద్యం ఒక ప్రత్యేక విద్యగా ఎలా రూపొందిందో, అది కృష్ణా డెల్టాకు ఏ దారుల్లో చేరిందో వివరించగలుగుతారు. వైద్యులకు ఇచ్చే శిక్షణ నిజంగా పిల్లల ప్రాణాలు నిలుపుతుందా అనే ప్రశ్నకు పరిశోధకులు ఎలా జవాబు వెతికారో, ఆ జవాబులను ఎంతవరకు నమ్మవచ్చో మీరే అంచనా వేయగలుగుతారు. ఈ పాఠానికి వైద్యశాస్త్ర పరిజ్ఞానం ముందుగా ఉండనవసరం లేదు.

7.1 ఉపోద్ఘాతం

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే రహదారిలో దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరంలో కొండపల్లి ఉంది. కొండ మీద రెడ్డిరాజుల నాటి కోట, కొండ కింద బొమ్మల తయారీదారుల ఇళ్లు, పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం. కోట గురించి మీరు మధ్యయుగ చరిత్ర పాఠాల్లో చదివే ఉంటారు. ఈ పాఠం కోట గురించి కాదు. కొండ కింది ఇళ్లలో ఒకదాని గురించి. ఇది జరిగిన సంఘటన కాదు, ఊహించుకోమని అడుగుతున్నాను.

వానాకాలం. రాత్రి రెండు గంటలు. నేల మీద చాప వేసుకుని పడుకున్న ఆరేళ్ల పిల్ల కడుపునొప్పితో లేచి ఏడుస్తోంది. ఒకసారి వాంతి అయింది. ఒంటి మీద ఎక్కడా గాటు కనబడదు. తిన్నది పడలేదని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు పట్టారు. తెల్లవారేసరికి పిల్ల కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. వీధి చివర ఆర్.ఎం.పి. డాక్టరు చూసి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. అది కట్లపాము కాటు. ఈ పాము కాటు చాలాసార్లు చీమ కుట్టినంత కూడా తెలియదు. దాని విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే ఆజ్ఞలను ఆపేస్తుంది. మొదట కనురెప్పలు, తరువాత గొంతు, చివరకు ఊపిరి తీయించే కండరాలు పనిచేయడం మానేస్తాయి. గుండె మాత్రం బాగానే కొట్టుకుంటూ ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు పిల్ల ముఖానికి సరిపడే మాస్కు పెట్టి, తలను సరైన కోణంలో ఉంచి, అంబూ బ్యాగును నిమిషానికి ఇన్నిసార్లని లెక్కగా నొక్కుతూ ఉంటే ఆ పిల్ల బతుకుతుంది. విషానికి విరుగుడు మందు పనిచేసేదాకా, వెంటిలేటరు దొరికేదాకా, గంటల తరబడి అయినా సరే.

బ్యాగు నొక్కడం చూడటానికి చాలా తేలిక. చేసి చూస్తేనే కష్టం తెలుస్తుంది. మాస్కు పక్క నుంచి గాలి పోతుంది, తల ఎక్కువ వంచితే గొంతు మూసుకుంటుంది, గట్టిగా నొక్కితే గాలి కడుపులోకి వెళ్తుంది. ఎం.బి.బి.ఎస్. పరీక్షలో దీని గురించి పది మార్కుల జవాబు రాసినవారికి ఇది వచ్చి ఉంటుందన్న నమ్మకం లేదు. ఆ తెల్లవారుజామున డ్యూటీలో ఉన్న చేతులకు ఈ పని ఎవరు నేర్పారు, ఎప్పుడు నేర్పారు, నేర్పింది నిలిచిందా అన్నదే ఈ పాఠంలో మన ప్రశ్న.

7.2 డెల్టా, కాలువలు, వైద్య కళాశాలలు

విజయవాడ వద్ద కృష్ణానది మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. అదే ఈ ప్రాంతపు ఆధునిక చరిత్రకు మొదలు అని మీకు తెలుసు. ఆనకట్ట కాలువలను తెచ్చింది, కాలువలు వరిని, వరి జనసాంద్రతను తెచ్చాయి. ఈ కథకు మరో వైపు కూడా ఉంది. ఇంటి వెనుకే కాలువ ఉన్న ఊరిలో నడక నేర్చిన పిల్లవాడికి నీళ్లే మొదటి గండం. తాగే నీరూ, కడిగే నీరూ ఒకటే అయిన చోట విరేచనాలు రెండో గండం. వరిచేలలో ఎలుకలు, ఎలుకల కోసం వచ్చే పాములు మూడోది. మన ప్రాంతంలో పిల్లల అత్యవసర పరిస్థితుల పట్టికను తయారుచేసినవి రోగాలు మాత్రమే కావు. నేల, నీరు, సేద్యం కూడా.

ఈ పట్టికను దృష్టిలో పెట్టుకుని ఇక్కడి వైద్యులకు శిక్షణ ఇచ్చారా? చాలాకాలం ఇవ్వలేదు. మద్రాసులో వైద్యవిద్య 1835లో మొదలైంది, హైదరాబాదులో వైద్య పాఠశాల 1846లో వచ్చింది. కోస్తా జిల్లాల విద్యార్థులకు సొంత గడ్డ మీద కళాశాల దొరకడానికి 1923 వరకు, అంటే విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల వచ్చేవరకు ఆగవలసి వచ్చింది. గుంటూరు వైద్య కళాశాల 1946లో, విజయవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల 1980లో మొదలయ్యాయి. సిద్ధార్థ తొలుత ప్రైవేటు యాజమాన్యంలో నడిచి, తరువాత ప్రభుత్వ కళాశాల అయింది. 1986లో విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాన్నే తరువాత ఎన్.టి.ఆర్. పేరుతో పిలిచారు.

ఈ కళాశాలల్లో పిల్లల వైద్యం చాలాకాలం సాధారణ వైద్యంలో ఒక భాగంగానే ఉండేది. భారతీయ శిశువైద్యుల అకాడమీ ఏర్పడింది 1963లో. ఆ తరువాత దశాబ్దాల్లో శిశువైద్యం సొంత కాళ్ల మీద నిలబడింది కాని, అత్యవసర వైద్యం నిలబడలేదు. ప్రతి పెద్దాసుపత్రిలోనూ క్యాజువాలిటీ అనే గది ఉండేది. అక్కడ రాత్రిపూట కూర్చునేది హౌస్ సర్జన్. పోలీసు కేసులు రాసుకోవడం, ఏ వార్డుకు పంపాలో నిర్ణయించడం అతని పని. అందరికంటే ఎక్కువ అనుభవం అవసరమైన చోట అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవారిని నిలబెట్టడం ఒక్క మన రాష్ట్రపు పద్ధతే కాదు, ప్రపంచంలో చాలా దేశాలు అలాగే చేశాయి. అయినా దీన్ని పాలనాపరమైన చిన్న లోపంగా చూడటం ఈ పాఠ రచయితకు సమ్మతం కాదు. ఎందుకంటే పెద్దాసుపత్రికి వచ్చి చనిపోయే పిల్లల్లో చాలామంది చేరిన మొదటి 24 గంటల్లోనే చనిపోతారు.

ఒక్క విషయంలో మాత్రం శిక్షణ వైద్యుడిని దాటి బయటికి వెళ్లింది. 1971లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల మధ్య, బనగావ్ వద్ద, డాక్టర్ దిలీప్ మహలనబీస్ కలరా రోగులతో సతమతమయ్యారు. ఎక్కించడానికి సెలైన్ అయిపోయింది. ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని పీపాల్లో పోసి, రోగుల బంధువుల చేతే పట్టించారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు వచ్చాయి. మన ఇళ్లలో ఓ.ఆర్.ఎస్. పొట్లంగా తెలిసిన వైద్యం ఇదే. శిక్షణ చరిత్రలో దీనిని మరచిపోకండి. నైపుణ్యాన్ని తల్లి చేతికి ఇవ్వగలిగిన చోట డాక్టరు చేతికోసం ఎదురుచూడనవసరం లేదని అది చూపింది. అంబూ బ్యాగు విషయంలో ఆ సౌకర్యం లేదు.

7.3 పిల్లవాడు చిన్న సైజు పెద్దమనిషి కాడు

పెద్దవారిలో గుండె ఆగిపోవడానికి సాధారణంగా గుండెజబ్బే కారణం. పిల్లల్లో గుండె చివర ఆగుతుంది. ముందు ఊపిరి దెబ్బతింటుంది. నీళ్లలో పడటం, నిమ్ము, గొంతులో వేరుసెనగ గింజ అడ్డుపడటం, ఆగకుండా వచ్చే ఫిట్స్, కట్లపాము, ఇలా దారి ఏదైనా ప్రాణవాయువు అందక, ఆ తరువాత గుండె ఆగుతుంది. ఆగిన తరువాత మళ్లీ కొట్టించడం చాలా కష్టం. కాబట్టి పిల్లల వైద్యుడు నేర్చుకోవలసింది ఆగిన గుండెను నడిపించడం కంటే, ఆగబోతున్న సూచనలను ముందే పట్టుకోవడం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. విరేచనాలతో ఒంట్లో నీరు పోతున్న పిల్లవాడి రక్తపోటు చాలాసేపు మామూలుగానే ఉంటుంది. శరీరం రక్తనాళాలను బిగించి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు చేతకాని క్షణంలో ఒక్కసారిగా కూలిపోతాడు. పెద్దల అలవాటుతో రక్తపోటు అంకెను మాత్రమే చూసే వైద్యుడు మోసపోతాడు. చల్లబడ్డ అరికాళ్లు, నొక్కి వదిలితే ఆలస్యంగా ఎర్రబడే గోరు, వేగంగా కొట్టుకునే నాడి చూసేవాడు మోసపోడు.

మోతాదు కూడా అంతే. పిల్లలకు ప్రతి మందూ బరువును బట్టి లెక్కించాలి. ఒక్క మినహాయింపు విద్యార్థులను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది: పాముకాటు విరుగుడు మందు పిల్లలకూ పెద్దలంతే ఇవ్వాలి. పాము కరిచేటప్పుడు ఎదుటివాడి బరువు చూసి విషం వదలదు కదా.

ఈ తేడాలన్నీ శిశువైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. వాటిని ఒక క్రమశిక్షణగా మార్చి, రెండు మూడు రోజుల్లో నేర్పే పద్ధతి మాత్రం ఒక విషాదం నుంచి పుట్టింది. 1976 ఫిబ్రవరిలో అమెరికాలోని నెబ్రాస్కా పల్లెప్రాంతంలో డాక్టర్ జేమ్స్ స్టైనర్ నడుపుతున్న చిన్న విమానం పొలంలో కూలింది. భార్య అక్కడే చనిపోయింది. నలుగురు పిల్లలకు దెబ్బలు తగిలాయి, వారిలో ముగ్గురి పరిస్థితి విషమం. దగ్గరి ఆసుపత్రిలో తన పిల్లలకు జరిగిన వైద్యం చూసి ఆయన నిర్ఘాంతపోయాడు. తప్పు ఆ ఊరి వైద్యులది కాదని, వారికి ఎవరూ ఒక క్రమం నేర్పలేదని ఆయన వాదన. ముందు శ్వాసమార్గం, తరువాత శ్వాస, తరువాత రక్తప్రసరణ అనే వరుసతో 1978లో ఒక శిక్షణ మొదలైంది. అదే రెండేళ్లకు అమెరికా శస్త్రవైద్యుల కళాశాల ఆమోదంతో దేశమంతటికీ పాకింది. పిల్లల కోసం అదే నమూనాలో 'పాల్స్' అని వైద్యులు పిలిచే శిక్షణ 1988లో వచ్చింది. 1983లో ఫ్లైషర్, లుడ్విగ్ సంపాదకత్వంలో ఈ విషయం మీద పెద్ద పాఠ్యగ్రంథం వెలువడింది. 1992లో అమెరికాలో పిల్లల అత్యవసర వైద్యానికి ప్రత్యేక ధ్రువపత్ర పరీక్ష మొదలైంది. ఒక విద్య స్వతంత్రమైందని చెప్పడానికి చరిత్రకారులు సాధారణంగా చూసే మూడు గుర్తులు, అంటే శిక్షణ, గ్రంథం, పరీక్ష, పదేళ్లలో పూర్తయ్యాయి.

7.4 బొమ్మలు చేసేవాడు

కొండపల్లి నుంచి పాఠం మొదలుపెట్టడానికి మరో కారణం ఉంది. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేస్తారు. చేతులు, తల, కాళ్లు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, కల్లుగీసేవాడు, ఎడ్లబండి, అన్నీ చూసి ఆనందించడానికి చేసినవే.

నార్వేలోని స్టావాంగర్‌లో ఆస్ముండ్ లేర్డాల్ అనే వ్యక్తి కూడా పిల్లల బొమ్మలే చేసేవాడు. మొదట కర్రతో, తరువాత మెత్తటి ప్లాస్టిక్‌తో. 1950లలో ఆయన చిన్న కొడుకు నీటిలో పడి కొనప్రాణంతో ఉండగా తండ్రే బయటికి లాగి, ఊపిరితిత్తుల్లోని నీరు పోయేలా చేసి బతికించుకున్నాడు. అదే కాలంలో అమెరికాలో జేమ్స్ ఎలామ్, పీటర్ సఫార్ అనే వైద్యులు నోటితో నోట్లోకి గాలి ఊదే పద్ధతి పనిచేస్తుందని రుజువు చేస్తున్నారు. దీనిని జనానికి నేర్పడానికి ఒక బొమ్మ కావాలి. లేర్డాల్ 1960లో మనిషంత బొమ్మను తయారుచేశాడు. తల వెనక్కి వంచితేనే దాని ఛాతీ లేస్తుంది. వంచకపోతే ఎంత ఊదినా లేవదు. ఈ చిన్న ఏర్పాటులోనే శిక్షణ శాస్త్రమంతా ఉంది. బొమ్మ చదువు అడగదు, జవాబు అడగదు. చేసింది సరిగ్గా ఉంటే ఛాతీ లేస్తుంది, లేకపోతే లేవదు.

అదే సంస్థ తరువాత అప్పుడే పుట్టిన బిడ్డ సైజులో, నీళ్లు నింపితే బిడ్డంత బరువు తూగే చవక బొమ్మను తెచ్చింది. పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలో ఏం చేయాలో నర్సులకు, మంత్రసానులకు నేర్పే కార్యక్రమంలో 2010 నుంచి దీన్ని వాడారు. మన దేశంలో నవజాత శిశువుల పునరుజ్జీవన శిక్షణను జాతీయ నవజాత శిశువైద్య వేదిక 1990లోనే మొదలుపెట్టింది. 2009లో కేంద్ర ప్రభుత్వం నవజాత శిశు సురక్షా కార్యక్రమం పేరుతో దానిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బంది వరకు తీసుకువెళ్లింది.

ఇక్కడ కాస్త ఆగి, మీ ఇంట్లో ఉన్న దిండు మీదైనా సరే, నిమిషానికి 100 నుంచి 120 సార్లు చొప్పున రెండు నిమిషాలు అరచేత్తో నొక్కి చూడండి. ఎన్నో నొక్కు దగ్గర మీ లెక్క తప్పిందో, ఎప్పుడు చేయి అలసిందో నోటు పుస్తకంలో రాసుకోండి. 7.6 చదివేటప్పుడు ఆ కాగితం అవసరపడుతుంది.

7.5 ఆంధ్రప్రదేశ్: 2003 నుంచి 2009

2003 జూన్ నుంచి ఆగస్టు వరకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు వరుసగా జబ్బుపడ్డారు. పొద్దున జ్వరం, మధ్యాహ్నానికి వాంతులు, ఫిట్స్, రాత్రికి స్పృహ లేదు. చనిపోయినవారిలో చాలామంది ఆసుపత్రిలో చేరిన ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరిశోధకులు 2004లో ప్రచురించిన నివేదిక ప్రకారం 329 మంది పిల్లలకు సోకింది, 183 మంది మరణించారు. అంటే సగానికి మించి. 1965లో మహారాష్ట్రలో మొదట గుర్తించిన చాందీపుర వైరస్సే కారణమని వారు తేల్చారు. హైదరాబాదులో రోగులను దగ్గరగా చూసిన శిశువైద్యులు కొందరు దీనిని మామూలు మెదడువాపు అనడానికి ఒప్పుకోలేదు. లక్షణాలు మెదడుకు రక్తం ఆగిపోయినట్టు ఉన్నాయని వాదించి, అదీ ప్రచురించారు.

చరిత్ర విద్యార్థిగా మీరు ఈ వివాదాన్ని ఏ వైపు నుంచి చూడాలి? వైరస్ పేరు ఎంత ముఖ్యమో, ఆ పేరు తెలియకముందే వైద్యుడు చేయవలసిన పని అంత ముఖ్యం. చాందీపురకు అప్పుడూ ప్రత్యేక మందు లేదు. ఉన్నదల్లా ఫిట్స్ ఆపడం, శ్వాసమార్గం తెరిచి ఉంచడం, రక్తంలో చక్కెర తగ్గకుండా చూడటం, మెదడు ఒత్తిడి పెరగకుండా జాగ్రత్తపడటం. ఇవన్నీ మొదటి గంట పనులు, పల్లెకు దగ్గరి ఆసుపత్రిలో జరగవలసిన పనులు. ఆ ఏడాది చర్చంతా వైరస్ చుట్టూ తిరిగింది. మొదటి గంట చుట్టూ తిరిగిన చర్చ తక్కువ. నా దృష్టిలో ఆనాటి అనుభవం నుంచి మనం నేర్వవలసి ఉండి నేర్వనిది అదే.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. దేశంలో తరువాత వచ్చిన అంబులెన్సు వ్యవస్థలకు ఇదే నమూనా అయింది. 2007లో దాని నిర్వాహక సంస్థ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యుల సహకారంతో అంబులెన్సు సిబ్బందికి రెండేళ్ల కోర్సు ప్రారంభించింది. ఫలితంగా మన రోడ్ల మీద ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. బండిలో ఉన్న యువకుడికి అత్యవసర వైద్యంలో శిక్షణ ఉంది. బండి చేరే ఆసుపత్రిలోని డ్యూటీ డాక్టరుకు అది ఉండకపోవచ్చు. భారత వైద్య మండలి అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక విభాగంగా గుర్తించింది 2009లో. అంటే అంబులెన్సు వచ్చిన నాలుగేళ్లకు.

అదే 2009లో ఆసుపత్రుల్లో పిల్లల చికిత్సకు కేంద్ర ప్రభుత్వం తయారుచేసిన శిక్షణలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 'ఎటాట్' పద్ధతి ఒక భాగమైంది. దాని గురించి తరువాతి భాగంలో వివరంగా చూద్దాం. ఈ పాఠంలో అతి ముఖ్యమైన పరిశోధన దాని చుట్టూనే ఉంది.

7.6 శిక్షణ ప్రాణాలు నిలుపుతుందా?

ఒక శిక్షణ బాగుందని ఎలా తెలుసుకోవాలి? శిక్షణ పొందినవారిని అడిగితే బాగుందనే చెబుతారు. పరీక్ష పెడితే మార్కులు పెరుగుతాయి. బొమ్మ మీద చేయిస్తే చేయి బాగా తిరుగుతుంది. ఈ మూడూ నిజమే అయినా, వార్డులో పిల్లల మరణాలు తగ్గాయా అన్నది నాలుగో ప్రశ్న. మొదటి మూడింటికి జవాబిచ్చే అధ్యయనాలు లెక్కకు మించి ఉన్నాయి. నాలుగో దానికి జవాబిచ్చేవి చాలా తక్కువ.

తక్కువలో ఒకటి ఆఫ్రికాలోని మలావీ దేశంలో, బ్లాన్‌టైర్ నగరపు ప్రభుత్వ ఆసుపత్రి నుంచి వచ్చింది. ఎలిజబెత్ మాలిన్యూ అనే శిశువైద్యురాలు, సహచరులు గమనించింది మన ఓ.పి. ముందు నిలబడిన ఎవరికైనా తెలిసిందే. పిల్లలంతా ఒకే వరుసలో ఉంటారు. జలుబు చేసిన పిల్లవాడు ముందు వస్తే ముందు చూస్తారు, ప్రాణం పోతున్న పిల్లవాడు చివర ఉంటే చివర చూస్తారు. చీటీ రాసే గుమాస్తాకు ఆ తేడా తెలియదు, తెలియమని ఎవరూ అడగలేదు. వారు వరుసలోని పిల్లలను ముందే మూడు రకాలుగా విడదీయడం నేర్పారు: క్షణం ఆగకూడనివారు, త్వరగా చూడవలసినవారు, వేచి ఉండగలవారు. ప్రమాద సూచనలు కనబడగానే రోగ నిర్ధారణ కోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టే గది ఒకటి ఏర్పాటు చేశారు. అంతకుముందు 10 నుంచి 18 శాతం మధ్య ఉన్న ఆసుపత్రి మరణాలు, మార్పుల తరువాత 6 నుంచి 8 శాతం మధ్యకు వచ్చాయని 2006లో ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఎటాట్' శిక్షణ ఈ అనుభవం మీద ఆధారపడిందే.

ఇది ఎంత గట్టి రుజువు? 'ముందు, తరువాత' పోల్చే అధ్యయనాలకు ఒక బలహీనత ఉంటుంది. ఆ ఏళ్లలో వానలు, మలేరియా, మందుల సరఫరా, సిబ్బంది సంఖ్య కూడా మారి ఉండవచ్చు. మీరు ఆధార గ్రంథాలను పరిశీలించేటప్పుడు ఇదే ప్రశ్న వేస్తారు: మారింది ఇదొక్కటేనా? అయితే, ఇందులో మారినది వైద్యుల తెలివి కంటే గదుల అమరిక, వరుస నడిపే పద్ధతి అని గమనించండి. శిక్షణ అంటే మనిషికి నేర్పడం మాత్రమేనని అనుకునేవారికి ఇది ఇబ్బందికరమైన ఫలితం.

మనకు దగ్గరలో, కర్ణాటకలోని బెళగావిలో, కొత్తగా పుట్టిన బిడ్డల శిక్షణ మీద 2013లో వెలువడిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. దాదాపు 600 మంది ప్రసవ సహాయకులకు నీటిబొమ్మతో శిక్షణ ఇచ్చారు. చనిపోయి పుట్టినట్టు నమోదైన బిడ్డలు 3.0 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గారు. కాని నవజాత శిశు మరణాల రేటు మారలేదు. మొదటి చూపులో ఇది వైఫల్యంలా కనబడుతుంది. ఒకసారి ఆలోచించండి. చనిపోయి పుట్టారని పక్కన పెట్టే బిడ్డల్లో కొందరు నిజానికి ఊపిరి అందక నీలిగిన బిడ్డలు. శిక్షణ తరువాత వారికి ఊపిరి పోశారు. వారిలో కొందరు బతికారు, కొందరు తరువాతి రోజుల్లో చనిపోయి వేరే లెక్కలో చేరారు. రిజిస్టరులో ఏ గడిలో రాస్తారన్నది కూడా చరిత్రే.

మరో నిజం దాదాపు ప్రతి దేశపు పరిశోధనలోనూ తేలింది. శిక్షణ ముగిసిన కొద్ది నెలల్లోనే చేయి మరచిపోతుంది. తెలివి కంటే నైపుణ్యం ముందు పోతుంది. ధ్రువపత్రం రెండేళ్లు చెల్లుతుంది, చేయి మాత్రం అంతకాలం నిలవదు. దిండు మీద మీరు రాసుకున్న లెక్కను ఇప్పుడు చూడండి. ఈ పాఠం ఎంత శ్రద్ధగా చదివినా ఆ లెక్క మెరుగవదు. చిన్నచిన్న అభ్యాసాలను తరచుగా, పనిచేసే వార్డులోనే చేయించాలని ఇటీవలి మార్గదర్శకాలు చెప్పడానికి కారణం ఇదే.

అన్నిటికంటే పెద్ద కుదుపు 2011లో వచ్చింది. జబ్బు తీవ్రమై రక్తప్రసరణ తగ్గిన పిల్లవాడికి సెలైన్‌ను వేగంగా ఎక్కించాలని ప్రపంచమంతా రెండు దశాబ్దాలు నేర్పింది. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లలపై జరిగిన 'ఫీస్ట్' పరీక్షలో, వేగంగా ద్రవం ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో మరణాలు సుమారు 10.5 శాతం. నెమ్మదిగా మాత్రమే ఇచ్చిన పిల్లల్లో 7.3 శాతం. పరీక్షను మధ్యలోనే ఆపవలసి వచ్చింది. విరేచనాలతో నీరు పోయిన పిల్లలు ఈ పరీక్షలో లేరు. వారికి ద్రవం ఇవ్వక తప్పదు, ఆ విషయంలో పొరపాటు పడకండి. కాని జ్వరంతో వచ్చిన పిల్లవాడికి పాఠం ప్రకారం చక్కగా చేసిన పని, వెంటిలేటరు లేని ఆసుపత్రిలో హాని చేయగలదని తేలింది. శిక్షణ ఎంత బాగుంటే ఆ హాని అంత క్రమశిక్షణతో జరుగుతుంది.

అంతకుముందు 2008లోనే చెన్నై ఎగ్మూరులోని పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ ఇందుమతి సంతానం బృందం, ఇన్ఫెక్షన్ వల్ల రక్తప్రసరణ దెబ్బతిన్న 147 మంది పిల్లలపై రెండు వేగాల్లో ద్రవం ఇచ్చి పోల్చింది. మరణాల్లో తేడా కనబడలేదు. మన ప్రాంతపు పిల్లలను, మన ఆసుపత్రుల రద్దీని తెలిసినవారు చేసిన పరిశోధన అది. దానికి ఫీస్ట్‌కు వచ్చినంత పేరు రాలేదు.

7.7 కొలతలు ఎవరివి?

అమెరికాలో జేమ్స్ బ్రోస్లో అనే వైద్యుడు 1980లలో రంగుల గళ్లున్న ఒక టేపు తయారుచేశాడు. పిల్లవాడిని పడుకోబెట్టి పక్కన పరిస్తే, పొడవును బట్టి బరువు తెలుస్తుంది, ఆ బరువుకు తగిన మందు మోతాదు ఆ రంగు గడిలోనే రాసి ఉంటుంది. బరువు తూచే సమయం లేనప్పుడు గొప్ప ఉపాయం. కాని పొడవుకు తగ్గ బరువు అన్న లెక్క అమెరికా పిల్లలది. భారతీయ పిల్లలపై 2008లో వెలువడిన అధ్యయనం, పది కిలోలకు లోపు పిల్లల్లో టేపు బాగానే పనిచేసినా, అంతకు మించిన బరువున్న పిల్లల్లో బరువును 10 శాతానికి పైగా ఎక్కువ చూపుతోందని తేల్చింది. శిక్షణ తరగతిలో ఆ టేపుతో నేర్చిన వైద్యుడు, కొండపల్లి పిల్లకు ఎక్కువ మోతాదు మందు ఇస్తాడు. అతను తప్పు చేసినట్టు కాదు, నేర్చుకున్నదే చేశాడు.

ఇలాంటి తేడాలు శిక్షణ ఇచ్చేవారి మధ్య కూడా ఉన్నాయి. 2010లో అమెరికా గుండె వైద్య సంఘం అందరికీ ముందు ఛాతీ నొక్కడం, తరువాత శ్వాస అని వరుస మార్చింది. ఐరోపా పునరుజ్జీవన మండలి పిల్లల విషయంలో ఒప్పుకోలేదు, ముందు ఐదు శ్వాసలు ఇవ్వాలనే చెబుతోంది. కాలువలో పడ్డ పిల్లలు ఎక్కువగా ఉండే ప్రాంతానికి ఈ రెండిట్లో ఏది తగినదో నేర్చేవారు అడగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, కొండపల్లి దగ్గర మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగినప్పుడు ఆ ప్రశ్న పుస్తకాల్లోది కాదని అందరికీ తెలిసింది.

2018లో మంగళగిరి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ మొదటి బ్యాచి తరగతులు తాత్కాలికంగా విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలోనే మొదలయ్యాయి. మరుసటి ఏడాది, అంటే 2019లో, దేశమంతటా ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక మారింది. కళాశాలల్లో నైపుణ్య ప్రయోగశాలలు తప్పనిసరి అయ్యాయి. శిశువైద్యంలో అత్యవసర పరిస్థితులకు ఒక ప్రత్యేక అధ్యాయం కేటాయించారు. పిల్లవాడి శ్వాసమార్గాన్ని పరిశీలించడం, ఊపిరి అందించడం విద్యార్థి పుస్తకంలో చదివి ఊరుకోకుండా బొమ్మ మీద చేసి చూపాలి. ఇంతకుముందు హౌస్ సర్జన్‌గా నిజమైన పిల్లవాడి మీద మొదటిసారి చేసిన పని ఇది. ఆ ప్రణాళిక ప్రకారం చదివిన మొదటి వైద్యులు ఇప్పటికే ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేస్తున్నారు.